పేజీ ఎవరి పేరు మీదుంది?

అందరికీ నమస్కారం. వెనకాల వినపడుతుందా అన్నా? ఫ్యాన్ల సౌండు ఎక్కువుంది, ఆపితే ఉడికిపోతాం, అందుకే నేనే కాస్త గట్టిగా మాట్లాడతా. ఆదివారం మధ్యాహ్నం పీజీ హాస్టళ్ళ వాళ్ళనీ మెస్సుల వాళ్ళనీ ఒకచోట కూర్చోబెట్టడమంటే మాటలు కాదు, సగం మంది మనసు ఇప్పుడు వంటింట్లోనే ఉంటుందని నాకు తెలుసు.

నన్ను పిలిచినప్పుడు చెప్పిన టాపిక్ రీల్స్‌తో బిజినెస్ పెంచుకోవడం ఎలా అని. అది నేను మాట్లాడను, రీల్స్ మీ పిల్లలు నాకన్నా బాగా చేస్తారు. నేను చెప్పేది దానికన్నా ముందుండే సంగతి, అసలు ఆ పేజీ ఎవరి చేతిలో ఉందనేది. ఒకసారి చేతులెత్తండి, ఫేస్‌బుక్ పేజీ గానీ ఇన్‌స్టా గానీ గూగుల్ మ్యాప్‌లో పేరు గానీ ఉన్నవాళ్ళు... దాదాపు అందరూ. ఇప్పుడు అది ఏ ఐడీ మీదుందో, దానికి అడ్మిన్లు ఎంతమందో తెలిసినవాళ్ళు మాత్రం అలాగే ఉంచండి. చూశారా, ఇద్దరు. అందులో ఒకాయన మా బావమరిది.

ఈ విషయంలో నేను పెద్ద ఎక్స్‌పర్ట్‌ని అని రాలేదు, తప్పు చేసినవాడిగా వచ్చా. 2016లో ఇక్కడే బెంగళూరు మున్నెకొళాలలో ఒక పీజీలో ఉండేవాణ్ణి, ఓనరు నెల్లూరు వైపు అన్న, నాకు నైట్ షిఫ్టు, పగలంతా ఖాళీ. ఆయనకి ఫేస్‌బుక్ ఐడీ లేదు, తమ్ముడూ నువ్వే ఒక పేజీ చెయ్యి అన్నాడు, నేను నా ఐడీలోంచే పది నిమిషాల్లో చేసిచ్చా, ఆ నెల భోజనం ఫ్రీ. ఐదేళ్ళు అదే నడిచింది, ఫోటోలు, రివ్యూలు, దాన్ని చూసి ఊళ్ళనుంచి పిల్లల్ని పంపించిన అమ్మానాన్నలు కూడా ఉన్నారు. 2021లో బస్సులో నా ఫోను పోయింది, అప్పటికే ఆ ఐడీకిచ్చిన పాత నంబరు రీచార్జి చేయక ఎప్పుడో వదిలేశా. 90 రోజులు వాడకపోతే నంబరు ఆపేసి తర్వాత ఇంకొకరికి ఇచ్చేయొచ్చని అప్పుడు నాకు తెలీదు. కొత్త ఫోన్లో లాగిన్ అవుదామంటే కోడ్ ఆ పాత నంబరుకి పోతోంది, ఫోన్ చేస్తే ఎవరో పెద్దాయన ఎత్తి తమిళంలో తిట్టాడు. సరే ఐడీ ప్రూఫ్ పంపుదామంటే, ప్రొఫైల్‌లో నా పేరేంటో తెలుసా, మా హీరో పేరుకి ముందు రెబెల్ అని తగిలించుకున్నా, కాలేజీ రోజుల ఘనకార్యం. ఆధార్‌లో పేరుకీ దానికీ ఎక్కడా పోలికే లేదు. అయిపోయింది.

ఆ పేజీ ఇవాళ్టికీ ఉంది. త్రీ షేరింగ్, అంటే రూముకి ముగ్గురైతే, 5500 అని ఉంటుంది దాంట్లో, ఇప్పుడా రేటుకి ఎవరిస్తారు? పిల్లలు అదిచూసి వచ్చి అన్నతో గొడవ. ఆయన నన్ను ఒక్కమాట అనలేదు, వెళ్తే అన్నం పెడతాడు, తిట్టినా బాగుండేది. రిపోర్ట్ కొట్టి తీయించేద్దామా అన్నా అంటే వద్దన్నాడు, పీజీ మొదలుపెట్టిన రోజు వాళ్ళ నాన్న కొబ్బరికాయ కొట్టిన ఫోటో దాంట్లో ఉంది. ఫోటో డౌన్‌లోడ్ చేసిచ్చా, అయినా వద్దన్నాడు.

సరే విషయంలోకి వద్దాం. చాలామంది నాకు ఫోన్ చేసి "మా పేజీ పాస్‌వర్డ్ ఆ కుర్రాడి దగ్గరుంది, ఎలా తీసుకోవాలి" అంటారు. ఫేస్‌బుక్ పేజీకి పాస్‌వర్డే ఉండదు అన్నా. పేజీని ఎవరో ఒక మనిషి తన సొంత ఐడీలోంచి నడుపుతాడు, ఆ ఐడీకుంటుంది పాస్‌వర్డ్. అందుకే ఆ ఐడీ పోతే పేజీ గాల్లో ఉంటుంది, నా విషయంలో జరిగిందదే. ఇన్‌స్టా అలా కాదు, దాని లాగిన్ దానికే ఉంటుంది, పాస్‌వర్డ్ తెలిసినవాడిదే రాజ్యం, మార్చేసి కూర్చుంటే మీరు బయట. గూగుల్ మ్యాప్‌ది మళ్ళీ వేరే, అది జీమెయిల్‌తో ముడిపడి ఉంటుంది. మూడూ మూడు రకాల తాళాలు, ఒకదానికి పనికొచ్చే ఉపాయం ఇంకోదానికి పనికిరాదు.

ఫేస్‌బుక్‌లో ఇదివరకు అడ్మిన్, ఎడిటర్, మోడరేటర్ అంటూ ఐదు రకాలుండేవి. ఇప్పుడు ఫుల్ కంట్రోల్, పార్షియల్ కంట్రోల్, ఇవికాక టాస్క్ యాక్సెస్ అని ఒకటి. ఫుల్ కంట్రోల్ ఉన్నవాడు ఏమైనా చేయొచ్చు, ఇంకొకర్ని ఎక్కించొచ్చు, దించొచ్చు, మిమ్మల్నే తీసేయొచ్చు, పేజీనే డిలీట్ కొట్టొచ్చు. పార్షియల్ అంటే పోస్టులు, మెసేజ్‌లు, యాడ్స్ లాంటివి చూసుకుంటాడు కానీ మనుషుల్ని ఎక్కించడం దించడం అతని చేతిలో ఉండదు. టాస్క్ యాక్సెస్ ఇంకా తక్కువ, ఇచ్చిన పని వరకే. ఇందాక బయట ఒక అక్క అడిగింది, మా వార్డెన్‌కి ఏమివ్వాలి అని. అక్కా, వార్డెన్‌కి రూముల తాళాలిస్తావు గానీ బిల్డింగ్ కాగితాలివ్వవు కదా, ఇదీ అంతే, మెసేజ్‌లకి రిప్లై ఇవ్వడానికి టాస్క్ యాక్సెస్ చాలు. రీల్స్ చేసే పిల్లాడికి పార్షియల్ ఇవ్వు. ఫుల్ మాత్రం నీకూ, మీ ఇంట్లో ఇంకొకరికీ. ఒక్కరికే ఉంటే నా కథే అవుతుంది, అందుకే ఇద్దరన్నా ఉండాలంటా. మా అమ్మాయికిస్తా, కానీ అది అమెరికా వెళ్ళిపోతుంది అంటారేమో, వెళ్ళనీయండి, దీనికి వీసా అక్కర్లేదు.

ఇప్పుడు అసలు గొడవ, వేరేవాళ్ళ చేతిలో ఉన్నదాన్ని తెచ్చుకోవడం. చేసినవాడు మీతో మాట్లాడుతూ ఉన్నాడంటే అదృష్టం, అతను పేజ్ యాక్సెస్ అనేచోట మీ పేరు పెట్టి ఫుల్ కంట్రోల్ ఆన్ చేసి తన పాస్‌వర్డ్ కొడితే మీకు నోటిఫికేషన్ వస్తుంది, ఒప్పుకుంటే అయిపోయింది, టీ తాగేలోపు పని. కానీ మనకి మొహమాటం. పాపం ఫ్రీగా చేశాడు, ఇప్పుడడిగితే ఏమనుకుంటాడో అని. మొహమాటం మీద ఒక సామెతుంది మనకి, ఇక్కడ ఆడవాళ్ళున్నారు కాబట్టి పూర్తిచేయను, పెద్దవాళ్ళకి తెలుసు. అతను ఉద్యోగం మారకముందే, పెళ్ళి చేసుకుని హైదరాబాద్ వెళ్ళకముందే, ముఖ్యంగా మీకూ అతనికీ డబ్బుల దగ్గర మాటా మాటా రాకముందే అడగండి. గొడవయ్యాక అడిగితే ఆ పేజీకి ఎక్కడలేని విలువ వచ్చేస్తుంది.

ఏజెన్సీలతో ఇంకో చిక్కు. నెలకింత అని మాట్లాడుకుంటారు, వాళ్ళు మీ పేజీని తీసుకెళ్ళి వాళ్ళ బిజినెస్ మేనేజర్‌లో, అంటే పేజీలూ యాడ్ అకౌంట్లూ అన్నీ ఒకేచోట పెట్టుకునే ఫేస్‌బుక్ వాళ్ళ ఖాతాలో కలుపుకుంటారు, ఇప్పుడు దాన్ని బిజినెస్ పోర్ట్‌ఫోలియో అంటున్నారు. పేజీకి ఓనరుగా ఒక్క పోర్ట్‌ఫోలియో మాత్రమే ఉండగలదు, కాబట్టి వాళ్ళు వదిలితే తప్ప మీరు మీదాంట్లోకి తెచ్చుకోలేరు. అందరూ చెడ్డవాళ్ళని కాదు, చాలామంది పని తొందరలో అలా చేసేస్తారు, నేనూ చేశా. సరైన పద్ధతేంటంటే పోర్ట్‌ఫోలియో మీరే మీ పేరుతో తెరిచి, పేజీ, ఇన్‌స్టా, యాడ్ అకౌంటు మూడూ అందులో పెట్టి, ఏజెన్సీ వాళ్ళని వాళ్ళ పోర్ట్‌ఫోలియో నంబరు అడిగి పార్ట్‌నర్‌గా కలపడం. వాళ్ళ మనుషులు మారినా మీకు సంబంధం లేదు, ఒప్పందం అయిపోయినరోజు ఆ ఒక్క పార్ట్‌నర్‌ని తీసేస్తే అందరూ పోతారు. ఇన్‌స్టా పని కూడా ఇలాగే పాస్‌వర్డ్ చెప్పకుండా చేయించుకోవచ్చు. నంబరు ఎందుకండీ మేం చూసుకుంటాం అని ఏజెన్సీ వాళ్ళంటే, నా మాట విని వేరేవాళ్ళని చూసుకోండి.

మనిషే దొరకట్లేదంటే? ముందు పేజ్ ట్రాన్స్‌పరెన్సీ చూడండి, ఎవరైనా చూడొచ్చు, పేజీ ఎప్పుడు పెట్టారు, పేర్లు ఎన్నిసార్లు మార్చారు, నడిపేవాళ్ళు ఏ దేశంలో ఉన్నారు అన్నీ ఉంటాయి. మున్నెకొళాలలో ఉన్న మీ మెస్సు పేజీని మీవాళ్ళెవరూ లేని దేశంలోంచి నడుపుతున్నారని కనపడితే అది హ్యాక్ అయ్యుండొచ్చు. తర్వాత మెటా, అంటే ఫేస్‌బుక్, ఇన్‌స్టా నడిపే కంపెనీ, దాని సపోర్టుకి రాయడం, ట్రేడ్ లైసెన్సు, జీఎస్టీ ఉంటే అది, మెస్సులైతే ఫుడ్ లైసెన్సు, అదే ఎఫ్ఎస్ఎస్ఎఐ కాగితం, బోర్డు ఫోటో, అన్నిట్లో పేరు ఒకేలా ఉండాలి. కచ్చితంగా వస్తుందని నేను చెప్పను, కొందరికి వచ్చింది, కొందరికి రాలేదు. జవాబు లేకపోతే ఇంకో దారుంది, 2021 ఐటీ రూల్స్ ప్రకారం ఇలాంటి కంపెనీలకి ఇక్కడ ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరు ఉండాలి, కంప్లయింట్ అందిందని 24 గంటల్లో చెప్పాలి. వాళ్ళ జవాబు నచ్చకపోతే గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీ అని 2023లో సెంట్రల్ గవర్నమెంట్ పెట్టింది, దానికి 30 రోజుల్లోపు ఆన్‌లైన్లోనే అప్పీలు చేసుకోవచ్చు. లాయరు లేకుండా మనమే పెట్టుకోవచ్చు, ఇది మనవాళ్ళలో చాలామందికి తెలీదు.

గూగుల్ మ్యాప్ గురించి కాస్త ఎక్కువ చెప్తా, ఎందుకంటే పీజీలకి అసలు బేరం అక్కడే. కొత్తగా ఉద్యోగం వచ్చిన పిల్ల కళామందిర్ బస్టాపులో దిగి పీజీ నియర్ మీ అని కొడుతుంది, మీ పేజీకి లైకులెన్నో చూడదు. మీ బోర్డు ఫోటో, పేరు ఎవరో ఎప్పుడో మ్యాప్‌లో పెట్టేసి ఉంటారు, దాన్ని మీదని చెప్పుకోకపోతే ఇంకొకరు చెప్పుకుంటారు. కుందలహళ్ళిలో నాకు తెలిసిన ఒకాయన పీజీకి ఇదే జరిగింది, బ్రోకరెవరో తన నంబరు పెట్టేసుకున్నాడు, ఫోన్ చేసినవాళ్ళందరికీ అక్కడ ఖాళీ లేదు, పక్క సందులో చూపిస్తా అని చెప్తున్నాడు. ఈయన రెండు నెలలు సీజన్ బాలేదనుకున్నాడు పాపం!

అలాంటప్పుడు మీ జీమెయిల్‌తో మ్యాప్‌లో ఆ పేరు తెరిచి, బిజినెస్ మాదే అని క్లెయిమ్ చేసే చోట నొక్కితే, ఇప్పుడు చూసుకుంటున్నవాళ్ళ మెయిల్ ఒకటి రెండు అక్షరాలు చూపిస్తుంది, చాలాసార్లు అక్కడే అర్థమైపోతుంది మన పాత మేనేజరే అని. రిక్వెస్టు పెడితే అవతలివాళ్ళకి 3 రోజులు టైము, పలక్కపోతే మీరే క్లెయిమ్ చేసుకునే దారి తెరుచుకోవచ్చు. అప్పుడు వెరిఫికేషన్‌కి చాలాసార్లు వీడియో అడుగుతారు, వీధి చూపించాలి, బోర్డు చూపించాలి, తాళం తీసి లోపలికెళ్ళడం లాంటిది చూపించి మీరే నడిపేవాళ్ళని నమ్మించాలి, మధ్యలో ఆపకుండా ఒకే వీడియో. నాకైతే ఇది భలే నచ్చింది, ఫేస్‌బుక్‌లో నెలలు తిరిగినా తేలని సంగతి ఇక్కడ తాళంచెవి తేలుస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి, కొత్తగా ఓనరుగా చేరినవాళ్ళు 7 రోజుల దాకా పాతవాళ్ళని తీసేయలేరు, అది చూసి కంగారుపడి పదిసార్లు నొక్కొద్దు. అక్కడా ఓనరు, మేనేజరు అని రెండుంటాయి, బయటివాళ్ళకి మేనేజరే.

ఇప్పుడు చేతిలో ఉన్నదాన్ని పోగొట్టుకోకుండా ఉండటం. ఎక్కువగా పోయేది ఎలాగంటే, పేజీ ఇన్‌బాక్స్‌లోకి ఒక మెసేజ్ వస్తుంది, మెటా లోగో ఉంటుంది, మీ పేజీ కాపీరైట్ రూల్ తప్పింది, 24 గంటల్లో తీసేస్తాం, ఈ లింకులో అప్పీలు చేసుకోండి అని. రాత్రి పదకొండింటికి లెక్కలు చూసుకుంటూ ఆ మెసేజ్ చదివితే ఎవరికైనా గుండె జారుతుంది, లింకు నొక్కి పాస్‌వర్డ్, ఓటీపీ ఇచ్చేస్తారు. మెటా వాళ్ళు అలా మామూలు కస్టమర్‌లా మీ ఇన్‌బాక్స్‌కి వచ్చి మెసేజ్ పెట్టరు, అది మెటా అని పేరు పెట్టుకున్న ఇంకో పేజీ, అంతే. యాడ్ అకౌంటులో మీ కార్డు ఉంటే నష్టం పేజీతో ఆగదు, మీ డబ్బుతో వాడి యాడ్స్ తిరుగుతాయి, అందుకే బూస్టులకి, అంటే డబ్బు కట్టి పోస్టు ఎక్కువమందికి చూపించుకోడానికి వేరే కార్డు, తక్కువ లిమిట్‌ది పెట్టుకోండి. డబ్బులు పోతే వెంటనే బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయండి, తెల్లారాక చూద్దాం అనుకోకండి.

టూ ఫ్యాక్టర్, అంటే పాస్‌వర్డ్ కాక ఇంకో కోడ్ కూడా అడిగేది పెట్టుకోండి, కుదిరితే ఎస్ఎంఎస్ కాకుండా ఫోన్లోనే కోడ్ చూపించే ఆథెంటికేటర్ యాప్‌తో. ఫేస్‌బుక్ 10 రికవరీ కోడ్లు ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారికి పనికొస్తుంది, ఫోను పోయినప్పుడు అవే దిక్కు. వాటిని స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్లో పెట్టుకునేవాళ్ళున్నారు, నవ్వకండి, మీలోనే ఉన్నారు. కాగితం మీద రాసి బిల్డింగ్ అగ్రిమెంటు ఉన్న బీరువాలో పెట్టండి. వాట్సాప్ బిజినెస్ నంబరు సిమ్ ఎవరి పేరు మీదుందో కూడా చూసుకోండి, వార్డెన్ ఆధార్ మీద తీసిన సిమ్ అయితే వార్డెన్‌తోపాటే పోతుంది. సిమ్ మీ పేరు మీద మీ ఫోన్లో పెట్టుకుని, వాళ్ళ ఫోన్లకి లింక్‌డ్ డివైస్‌గా ఇవ్వండి, 4 దాకా పెట్టుకోవచ్చు.

ఇంక చాలు, సాంబారు వాసన వస్తోంది. భోజనానికి లేచేముందు ఒక్క పని, అందరూ ఫోన్లు తీసి మీ పేజీలో పేజ్ యాక్సెస్ తెరవండి. అది కనపడనివాళ్ళు, అంటే వేరేవాళ్ళ చేతిలో ఉన్నవాళ్ళు, ఈ కుడిపక్క బల్ల దగ్గరికి రండి, ఆ చేసిన కుర్రాడి నంబరు ఉంటే ఇక్కడ్నుంచే ఫోన్ కలుపుదాం, అడగడానికి మీకు మొహమాటమైతే నేనడుగుతా. అన్నా, ఆ ఫ్యాను ఇప్పుడు ఆపు, ఫోన్లో మాట వినపడాలి.