దత్త మండలాలు, అప్పగించిన దేశాలు

ఆకాశవాణి కడప కేంద్రం శ్రోతలకు నమస్కారం.

కొత్త సినిమా విడుదలైన మర్నాడు ‘నైజాంలో ఇంత, సీడెడ్‌లో ఇంత’ అని వసూళ్ల లెక్కలు వేస్తుంటారు. ఆ సీడెడ్ మనమే. వదలి అప్పగించినవని ఆ మాటకు అర్థం. తెలుగులో దత్త మండలాలు అన్నారు. ఇంగ్లీషువారు వెళ్లిపోయి ఇన్నేళ్లయినా ఆ పేరు సినిమా లెక్కల్లో ఇంకా బతికే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక గెలిచినవారు దేశాలను ఎలా పంచుకున్నారో చెప్పవలసిన ఈ ప్రసంగాన్ని నేను ఈ మాటతో మొదలుపెట్టడం ఊరికే కాదు.

మన నేల చేతులు మారింది కూడా యుద్ధాల తర్వాతనే. టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధాల్లో ఇంగ్లీషు కంపెనీ పక్షాన నిలిచినందుకు 1792లోనూ 1799లోనూ తన వాటాకు వచ్చిన ప్రాంతాలను, తన రాజ్యంలో ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద, నిజాము 1800 అక్టోబరులో ఆ కంపెనీకే రాసిచ్చాడు. కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాలు అలా చేతులు మారాయి. కర్నూలు నవాబు సంస్థానం మాత్రం 1839 దాకా ఆగింది. ఇక్కడి రైతునో పాళెగానినో ఒక మాట అడగాలని సంతకాలు చేసినవారిలో ఎవరికీ తోచలేదు.

అది జరిగిన 120 ఏళ్లకు, 1920 ఏప్రిల్‌లో, ఇటలీలోని సాన్ రెమో అనే సముద్రతీర పట్టణంలో గెలిచిన రాజ్యాల ప్రతినిధులు సమావేశమై, ఓడిపోయిన ఉస్మానియా తుర్కుల అరబ్బు భూములను పంచారు. సిరియా, లెబనాన్ ఫ్రాన్సుకు; పాలస్తీనా, ఇరాక్ బ్రిటనుకు. అయితే కాలం మారింది కనుక దీన్ని ఆక్రమణ అనలేదు, ‘మాండేట్’ అన్నారు. ఆధునిక ప్రపంచపు కష్టాల్లో ఇంకా తమంతట తాము నిలబడలేని ప్రజలను ముందంజ వేసిన దేశాలు సంరక్షకులుగా చూసుకోవడం నాగరికతకు పవిత్రమైన బాధ్యత అని, యుద్ధం తర్వాత దేశాలు కలిసి పెట్టుకున్న నానాజాతి సమితి నిబంధనావళిలోని 22వ అధికరణం చెప్పింది. మైనరు పిల్లల ఆస్తికి గార్డియనును వేసినట్టన్నమాట. పెళ్లిలో అప్పగింతల వేళ కంటతడి పెట్టేవారైనా ఉంటారు. ఈ అప్పగింతలో అదీ లేదు.

యుద్ధం సాగుతుండగా బ్రిటన్ అదే నేల గురించి మూడు మాటలు ఇచ్చింది. తుర్కులపై తిరగబడితే అరబ్బులకు స్వతంత్ర రాజ్యం ఏర్పడేందుకు తోడ్పడతానని 1915లో మక్కాను ఏలే షరీఫ్ హుసేనుకు ఉత్తరాలు రాసింది. 1916 మేలో సైక్స్-పికో ఒప్పందంతో అవే ప్రాంతాలను ఫ్రాన్సుతో రహస్యంగా పంచుకుంది. 1917 నవంబరులో పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పడడాన్ని సమర్థిస్తామని ప్రకటించింది. ఒకే చేనికి ముగ్గురి దగ్గర అడ్వాన్సు పుచ్చుకుని ముగ్గురికీ అగ్రిమెంటు రాసిచ్చేవారిని మన సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల చుట్టూ చూస్తూనే ఉంటాము. వారికైనా కోర్టు భయం ఉంటుంది. ఆ రహస్య ఒప్పందాన్ని రష్యాలో అధికారంలోకి వచ్చిన బోల్షివిక్కులు బయటపెట్టకపోయి ఉంటే, అరబ్బులకు తాము మోసపోయిన సంగతి ఇంకెంత ఆలస్యంగా తెలిసేదో.

ఒక్కసారి మాత్రం ప్రజలను అడిగారు. అమెరికా అధ్యక్షుడు విల్సన్ పంపగా కింగ్, క్రేన్ అనే ఇద్దరు 1919 వేసవిలో సిరియా, పాలస్తీనా ఊళ్లు తిరిగి వేల వినతిపత్రాలు స్వీకరించారు. తమకు అఖండ సిరియా స్వాతంత్ర్యం కావాలనీ, ఎవరో ఒకరి సంరక్షణ తప్పనిసరి అయితే ఫ్రాన్సు మాత్రం వద్దనీ అక్కడివారిలో అత్యధికులు చెప్పారు. ఆ నివేదిక 1922 దాకా అచ్చు కాలేదు, అప్పటికి అన్నీ జరిగిపోయాయి. 1920 మార్చిలో సిరియా కాంగ్రెసు రాజుగా ప్రకటించిన, షరీఫ్ హుసేను కొడుకు ఫైసల్‌ను జూలైలో మైసలూన్ యుద్ధం తర్వాత ఫ్రెంచివారు దేశం దాటించగా, మరుసటి ఏడే బ్రిటన్ ఆయనను తెచ్చి ఇరాక్ సింహాసనం మీద కూర్చోబెట్టింది. రాజ్యం పోయిన రాజుకు వేరే రాజ్యం చూసిపెట్టడం, సంస్థానాలను అలవాటుగా నడిపిన దొరలకు పెద్ద పని కాదు.

ఇందులో మన పాలు లేదనుకోవడానికి వీలులేదు. ఆ యుద్ధంలో విదేశాలకు వెళ్లిన భారతీయ సైనికులు, కూలీలు కలిసి పది లక్షలకు మించారు, 70 వేలకు పైగా మరణించారు. వారిని అన్నిచోట్లకన్నా ఎక్కువగా పంపింది మెసపొటేమియాకు, అంటే ఇరాక్‌కే. 1920లో అక్కడివారు తిరగబడితే అణచడానికీ భారత సైన్యాన్నే వాడారు. 1919 జూన్ 28న వెర్సాయిలో జర్మనీతో చేసుకున్న సంధి మీద భారతదేశం తరఫున సంతకం చేసిన ఇద్దరిలో ఒకరు ఇంగ్లీషు మంత్రి మాంటేగు, మరొకరు బికనీర్ మహారాజు. జలియన్‌వాలా బాగ్ కాల్పులు జరిగి అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు.

కాగితాన్ని తిరగరాయించుకున్నవారు తుర్కులొక్కరే. 1920 ఆగస్టులో తమ మీద రుద్దిన సెవ్ర్ సంధిని ముస్తఫా కెమాల్ నాయకత్వంలో యుద్ధం చేసి చెల్లకుండా చేసి, 1923లో లొసాన్‌లో కొత్త సంధి సాధించారు. తుర్కు సుల్తాను చేతిలో ఉన్న ఖలీఫా పదవి, అంటే ముస్లిములకు మతపెద్ద పదవి, నిలవాలని మన దేశంలో హిందువులూ ముస్లిములూ కలిసి ఉద్యమించి జైళ్లకు వెళితే, ఆ పదవిని 1924 మార్చిలో తుర్కుల శాసనసభే రద్దు చేసింది.

అప్పగించబడిన వారు మొదట వదిలించుకోవాలనుకునేది పేరును. 1928లో నంద్యాలలో జరిగిన సభలో, దత్త మండలాలన్న పేరు మనకు వద్దని చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అని సూచించారు. ఆఫ్రికాలో జర్మనుల నుంచి తీసుకుని దక్షిణాఫ్రికాకు అప్పగించిన నైరుతి ఆఫ్రికాకు, నానాజాతి సమితి పోయి ఐక్యరాజ్యసమితి వచ్చాక, 1968లో నమీబియా అని పేరు మార్చారు. దక్షిణాఫ్రికా మాత్రం పట్టు వదలలేదు. 1971లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ పాలన చట్టవిరుద్ధమని తేల్చినా కదలలేదు. చివరకు 1990 మార్చి 21న నమీబియా స్వతంత్రమైంది. ఓడలు ఆగే పెద్ద రేవు వాల్విస్ బే మాత్రం మరో నాలుగేళ్లకు గాని ఆ దేశానికి దక్కలేదు.