కరిగించకముందే తిరగేసి చూడండి

హోస్ట్: అందరికీ నమస్కారం. తిరుపతి గాంధీ రోడ్డులో పాత వెండి తీసుకెళ్తే ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. కాటాలో పెడతారు, టంచు, అంటే వెండి ఎంత స్వచ్ఛమో చూస్తారు, తరుగు తీస్తారు, ఆ రోజు రేటు కట్టి డబ్బులు చేతిలో పెడతారు. ఆ లెక్కలో పడకూడని సామాన్ల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. అన్నా, ఎలాంటి వస్తువు పాత సామాన్లు సేకరించే కలెక్టర్ల దాకా వెళ్తుంది?

గెస్ట్: పాతదైనంత మాత్రాన వెళ్ళదమ్మా. మన ఇళ్ళల్లో ఎక్కువగా ఉండేవి సాదా చెంబులు, పళ్ళేలు, ఉగ్గుగిన్నెలు. వాటికి తూకం ధరే, అందులో మొహమాటం లేదు. నగిషీ ఉన్న పన్నీరు బుడ్డి, అత్తరుదాను, తాంబూలపు తట్ట, పాత కుంకుమ భరిణె, ఇంగ్లీషు దొరల కాలం నాటి టీ సెట్టు, ఇవి వేరు. వీటికి తూకం ధర అనేది నేల లాంటిది, అంతకంటే కిందికి దిగకూడదు. పైన ఎంత అన్నది పనితనం, ముద్ర, ఉన్న స్థితి చెప్పాలి.

హోస్ట్: మనవైపు టీ సెట్లా?

గెస్ట్: ఎందుకుండవు? చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందు ఈ ప్రాంతంలో చాలాభాగం ఉత్తర ఆర్కాటు, మొత్తం మద్రాసు ప్రెసిడెన్సీ. కార్వేటినగరం, పుంగనూరు, కాళహస్తి జమీందారీలు ఉన్నచోటు ఇది. మద్రాసులో పి.ఓర్ అండ్ సన్స్ లాంటి కంపెనీలు అమ్మిన ఒక తరహా సరుకుని కలెక్టర్లు ‘స్వామి వర్క్’ అంటారు. గిన్నె చుట్టూ మంటపాల్లాంటి గూళ్ళు, గూటికొక దేవుడి బొమ్మ, పాము ఆకారంలో పిడి. 1875–76లో వేల్స్ యువరాజు మన దేశానికి వచ్చినప్పుడు ఇచ్చిన కానుకల్లో కూడా ఈ పని ఉంది.

హోస్ట్: ఇప్పుడు షాపుల్లో ‘ఆంటిక్ ఫినిష్’ అని నల్లగా చేసి అమ్ముతున్నారు కదా. తేడా ఎట్లా పట్టాలి?

గెస్ట్: నలుపు ఎక్కడుందో చూడు. మందు పూసి తెచ్చిన నలుపు అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది, చేతులు తగిలే పిడి కింద కూడా ఉంటుంది. వాడకంలో వచ్చిన నలుపు లోతుల్లోనే నిలుస్తుంది, గట్లు తెల్లగా, నున్నగా అరిగి ఉంటాయి. దేవుడి ముక్కు, మోకాళ్ళు అరిగి వేళ్ళ సందులు మాత్రం స్పష్టంగా ఉన్నాయంటే అది సహజం. అన్నీ సమానంగా మొద్దుబారి, వెండి మీద సన్న చుక్కల గుంటలు కనిపిస్తే పోత పోసిన నకలని అనుమానించాలి. రేకుని లక్క మీద పెట్టి వెనకనుంచి ఉబ్బు కొట్టిన పనైతే ముందు బొమ్మ ఎత్తుగా ఉన్నచోట వెనక గుంట ఉంటుంది. లోపల ఇంకో రేకు తొడిగి ఉంటే మాత్రం వెనక కనబడదు, అప్పుడు ముందువైపు పనినే నమ్ముకోవాలి.

హోస్ట్: ముద్రల సంగతి?

గెస్ట్: ఇంగ్లండులో పరీక్ష చేయించిన సరుకైతే నడుస్తున్న సింహం ముద్ర ఉంటుంది, అంటే 925, వెయ్యి పాళ్ళలో 925 పాళ్ళు వెండి. లంగరు బర్మింగ్‌హామ్, చిరుతపులి తల లండన్, కిరీటం షెఫీల్డ్. 1784 నుంచి 1890 దాకా పన్ను కట్టినందుకు రాజుదో రాణిదో తల కూడా కొట్టేవాళ్ళు. మద్రాసు సరుకు మీద సింహం కోసం వెతకొద్దు. కంపెనీ పేరు ఉంటుంది, కొన్నింటి మీద అదీ ఉండదు. గుజరాత్‌లోని కచ్ పనిలో ‘ఓ.ఎం. భుజ్’ అని ఉంటే అక్కడి పేరున్న వెండి పనివాడు ఊమర్సీ మావ్జీ పని అన్నమాట, దాని మీద నకలు ముద్రలు కొట్టేవాళ్ళున్నారు కాబట్టి ముద్రతోపాటు పని కూడా ఆ స్థాయిలో ఉందా అని చూసుకోవాలి. ఇక ‘ఇ.పి.ఎన్.ఎస్.’ అని ఉంటే జర్మన్ సిల్వర్ మీద వెండి పూత. జర్మన్ సిల్వర్ అంటే రాగి, నికెల్, జింకు కలిపిన లోహం, అందులో వెండే ఉండదు. అక్షరాలు సింహం ముద్రల్లాగే వరసగా డబ్బాల్లో కొట్టి ఉంటాయి, అక్కడే మోసపోతారు.

హోస్ట్: ముద్రే లేకపోతే? మెషిన్లో పెట్టించాలా?

గెస్ట్: ఎక్స్‌రే మెషిన్ పైపొరని మాత్రమే చదువుతుందమ్మా. పూత మందంగా ఉంటే జర్మన్ సిల్వర్ గిన్నె కూడా 99 శాతం వెండి అని చూపించొచ్చు. అసలు వెండిలో కూడా, చేసినప్పుడు కాచి ఆమ్లంలో వేస్తే పైనున్న రాగి కరిగిపోయి, పైపొర అసలుకంటే మేలుగా కనిపిస్తుంది. టంకం పెట్టినచోట చూస్తే తక్కువ వస్తుంది. అందుకే అడుగున, అంచున, పక్కన మూడుచోట్ల చూపించి, ఇంట్లో నీళ్ళ పరీక్ష కూడా చెయ్యాలి. గీటురాయి మీద గీయడం, ఆకురాయి పెట్టడం సాదా సామానుకు సరే, నగిషీ వస్తువుకు వద్దు.

హోస్ట్: నీళ్ళ పరీక్ష కాస్త వివరంగా చెప్పండన్నా.

గెస్ట్: ముందు వస్తువుని పొడిగా తూకం వెయ్యాలి. ఒక చెంబు 518 గ్రాములు వచ్చిందనుకో. ఇప్పుడు కాటా మీద నీళ్ళున్న బేసిన్ పెట్టి సున్నా చెయ్యి. చెంబుకి సన్న దారం కట్టి పూర్తిగా మునిగేలా వేలాడదియ్యి. అడుగుకీ పక్కలకీ తగలకూడదు, తగిలితే లెక్క తప్పు. కాటా 50 చూపిస్తే 518ని 50తో భాగించు, 10.36. అది వెండి లెక్క. జర్మన్ సిల్వరైతే అదే చెంబుకి సుమారు 60 చూపిస్తుంది, అంటే 8.6. లోపల గాలి బుడగ ఉంటే కూడా భాగిస్తే వచ్చే అంకె తగ్గిపోతుంది. అందుకే నీళ్ళలో ఒక చుక్క గిన్నెల సోపు వేసి, చెంబుని ఒకసారి ఒరిగించి లేపాలి.

హోస్ట్: చిన్న భరిణెలకి?

గెస్ట్: 42 గ్రాముల భరిణెకి కాటా చూపించేది 4 గ్రాములే. గ్రాము తేడాలో చూపించే వంటింటి కాటా పనికిరాదు, 0.01 గ్రాము చూపించేది కావాలి. ఇంకొకటి, ఈ పరీక్ష వెండి అవునా కాదా చెబుతుంది, టంచు చెప్పదు. పాత వెండి రూపాయలు కరిగించి చేయించిన సామాను 916 ఉంటుంది, దానికి 10.34 వస్తుంది. 925కి 10.36. ఇంట్లో ఆ తేడా పట్టలేం. కొయ్య పిడి ఉన్నవి, బోలు పిడులు ఉన్నవి నీళ్ళలో ముంచొద్దు. కొవ్వొత్తి స్టాండ్ల సంగతి మరీ జాగ్రత్త. లోపల లక్కో ప్లాస్టరో నింపి ఉంటారు, బరువులో వెండి కొంతే. అట్లాంటిదానికి మొత్తం బరువు రాసి ‘వెండి’ అని అమ్మితే గొడవలొస్తాయి.

హోస్ట్: రిపేర్లు దాచిపెడితే?

గెస్ట్: నోటితో ఆవిరి ఊదమ్మా. పొగమంచు పట్టి పోయేలోపు అతుకు గీత వేరే రంగులో కనిపిస్తుంది. బూడిదరంగు ఉబ్బెత్తు గీతైతే సీసం కలిసిన టంకం. అది చెడ్డది. తర్వాత ఎవరైనా మంట పెడితే సీసం వెండిని తినేసి చిల్లి పడుతుంది. బొటనవేలితో నొక్కితే ఒకచోట రేకు ఊగుతోందంటే అక్కడ పాత పేరు గీకేశారని అర్థం. ఇది మన సామానుకి ముఖ్యం. చుక్కలు చుక్కలుగా ఇంటిపేరు కొట్టించే అలవాటు మనకుంది. దాన్ని మచ్చ అనుకుని బఫింగ్ పట్టించేస్తున్నారు. పేరు, పక్కన సంవత్సరం కూడా ఉంటే వస్తువు వయసుకి అంతకంటే సాక్ష్యం ఏముంది?

హోస్ట్: అమ్మే ముందు తళతళా తోమాలనిపిస్తుంది కదా.

గెస్ట్: చింతపండు, పీతాంబరి, పేస్టు, ఏదీ వద్దు. అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్ళ చిట్కా కూడా నగిషీ మీద వద్దు, లోతుల్లో నలుపంతా పోయి బొమ్మలు పాలిపోతాయి. బంగారు పూత ఉన్నదానికి అసలే వద్దు. గోరువెచ్చని నీళ్ళు, రెండు చుక్కల సోపు, మెత్తని గుడ్డ, వెంటనే తుడిచి ఆరబెట్టడం, అంతే. మిగతాది కొనేవాడి ఇష్టం.

హోస్ట్: అమ్మకానికి పెట్టి వివరాలు రాసేటప్పుడు?

గెస్ట్: ఎత్తు, వెడల్పు, పిడితో సహా బరువు. కొయ్య పిడి ఉంటే ఆ మాట. టంచు ఎట్లా తెలిసిందో, ముద్రా, మెషినా, లేక ఊహా. ఫోటోలు కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా. అడుగు భాగం, ముద్ర దగ్గరగా, సొట్ట దగ్గరగా. సొట్ట ఫోటో పెడితే బేరం పోతుందని భయపడతారు, కానీ తిరిగొచ్చే పార్సెల్ ఖర్చు ఎక్కువ.

హోస్ట్: విదేశాల నుంచి అడిగేవాళ్ళుంటారు కదా?

గెస్ట్: వందేళ్ళు నిండిన కళావస్తువు 1972 చట్టం ప్రకారం పురావస్తువు. ప్రైవేటు వ్యక్తి దాన్ని దేశం దాటించకూడదు. వ్యాపారంగా అమ్మాలంటే ఆ చట్టం కింద లైసెన్సు ఉండాలి. వయసు తక్కువని మనకి నమ్మకమున్నా, బయటికి పంపే ముందు పురావస్తు శాఖ నుంచి పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ తీసుకోవాలి. టీ కెటిల్ అయితే ఇంకోటి చూడు, పిడి వెండికి అతుక్కునే చోట వేడి పాకకుండా తెల్లటి బిళ్ళలు పెడతారు. వాటిని భూతద్దంలో చూస్తే, గీతలు వలలా ఒకదాన్నొకటి కోసుకుంటుంటే అది ఏనుగు దంతం. సన్న నల్ల చుక్కలుంటే మామూలు ఎముక. దంతం అమ్మడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. గింజంత బిళ్ళే కదా అంటే కుదరదు, ఆ కెటిల్ అమ్మకానికి పెట్టొద్దు.

హోస్ట్: ఇక్కడిక్కడే పంపేదానికి ప్యాకింగ్?

గెస్ట్: మూత వేరు, గిన్నె వేరు. ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టి, పైన జిప్ కవరు, లోపల సిలికా పొట్లం. రబ్బరు బ్యాండు వెయ్యొద్దు, రబ్బరులో గంధకం ఉంటుంది, వేసినచోట నల్లటి గీత పడుతుంది, అది తోమితే పోదు. న్యూస్ పేపరు కూడా నేరుగా తగలనీయొద్దు. పెట్టెలో పెట్టెలాగా రెండు అట్టపెట్టెలు, మధ్యలో నాలుగు వేళ్ళ మందం మెత్త. పైన ‘వెండి’ అని మాత్రం రాయకండి.