ఓడితే దారికొస్తారా?

అందరికీ నమస్కారం. ఈ సీజన్లో మన నెల్లూరు ఫుట్‌బాల్ కుర్రాళ్లు ఇంతవరకూ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదని అందరూ తెగ పొగిడారు, బాగానే ఉంది, కానీ ఇందాక టీ దగ్గర ఒక పెద్దాయన "ఒక దెబ్బ తగిలితే గానీ వీళ్లు దారికి రారు" అన్నారు. నేను ఆ మాట మీదే మాట్లాడతా.

అలా అనేవాళ్లందరూ చూపించేది అర్జెంటీనానే. 36 మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఖతార్ ప్రపంచకప్‌కి వచ్చిన జట్టు, 2022 నవంబర్ 22న మొదటి మ్యాచ్‌లోనే సౌదీ అరేబియా చేతిలో 2-1తో ఓడింది. పదో నిమిషంలో మెస్సీ పెనాల్టీ గోల్ కొట్టాడు, ఆ తర్వాత హాఫ్ టైమ్‌లోపు బంతి మూడుసార్లు నెట్‌లో పడ్డా మూడూ ఆఫ్‌సైడే (బంతి అందించే క్షణానికే డిఫెండర్లను దాటి ముందుంటే ఆ గోల్ చెల్లదు), ఎందుకంటే సౌదీ డిఫెండర్లు గోల్ దగ్గర కాపలా కాయకుండా బాగా ముందుకొచ్చి నిలబడ్డారు. వీళ్లేమో మళ్లీ మళ్లీ అదే పరుగు. రెండో సగంలో పది నిమిషాలు గడవకముందే రెండు గోల్స్ తిన్నారు.

ఆ తర్వాత జరిగిందే అసలు సంగతి. కోచ్ స్కలోని మెక్సికో మ్యాచ్‌కి ఐదుగుర్ని మార్చేశాడు. మెక్ అలిస్టర్, ఎంజో ఫెర్నాండెజ్, హూలియన్ అల్వారెజ్, ఈ ముగ్గురూ సౌదీ మ్యాచ్ మొదలైనప్పుడు బెంచీ మీదున్నారు, కప్పు గెలిచిన ఆ ఫైనల్ మొదలయ్యేసరికి ముగ్గురూ గ్రౌండ్‌లో ఉన్నారు. వరసగా గెలుస్తూ ఉంటే ఇంత మార్పు చేయగలిగేవాడా చెప్పండి? గెలిచే జట్టులో ఒక్కణ్ని పక్కన పెడితే చాలు, ఊరంతా కోచ్ మీద పడుతుంది (మన దగ్గరైతే ముందు ఆ పిల్లోడి మేనమామ ఫోన్ చేస్తాడు). ఓటమి పాఠం నేర్పుతుందంటారు, నాకంత నమ్మకం లేదు. అది కోచ్‌కి నోరు తెరిచే సందు ఇస్తుంది, అంతవరకే.

ఆ సందు వాడుకోకపోతే ఏమవుతుందో ఇటలీని అడగండి. 37 మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడాక 2021 అక్టోబర్లో స్పెయిన్ చేతిలో ఓడింది, అప్పటికి యూరప్ ఛాంపియన్లు కదా, కోచ్ ఆ గెలిపించిన వాళ్లనే ఎక్కువగా నమ్ముకున్నాడు. స్విట్జర్లాండ్‌తో డ్రా, ఉత్తర ఐర్లాండ్‌తో డ్రా, చివరికి 2022 మార్చిలో సొంతగడ్డ మీద నార్త్ మాసిడోనియా చేతిలో 1-0తో ఓడి ప్రపంచకప్‌కే పోలేదు.

ఇంకోటి, ఓటమి ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. 1954 ప్రపంచకప్‌లో హంగరీ లీగ్ దశలో పశ్చిమ జర్మనీని 8-3తో చితక్కొట్టింది, నాలుగేళ్లుగా ఓటమన్నదే ఎరగని జట్టు, తీరా ఫైనల్లో అదే జర్మనీ చేతిలో 3-2తో ఓడింది. అక్కడ ఓడాక దిద్దుకునేదేముంది?

మనవి ఎక్కువగా నాకౌట్ టోర్నమెంట్లు, ఓడితే బస్సెక్కడమే. అందుకని కావాలని ఓడమని నేను చెప్పను, చెప్తే మీ వాళ్లు నన్ను ఊరు దాటనివ్వరు. మీరు ఎప్పుడూ ఓడించే గూడూరు, కావలి జట్లతో కాకుండా, చెన్నై ఇక్కడికి రైల్లో మూడు గంటలు కూడా లేదు, అక్కడ మీకంటే గట్టి జట్టు ఒకటి చూసుకుని ఫ్రెండ్లీ మ్యాచ్ పెట్టుకోండి. కోచ్ సారూ, ఆ రోజు రిజర్వులో కూర్చునే పిల్లల్ని మొదటినుంచీ ఆడించండి, మేనమామల ఫోన్లు వస్తే నా నంబర్ ఇవ్వండి.