జాతర వెలుతురులో మొదటి కెమెరా

శ్రోతలకు నమస్కారం. ఫోనుతో ఫొటోలు తీసి తీసి, ఇక తృప్తి చాలక, మొదటి డీఎస్‌ఎల్‌ఆర్ (లెన్సు మార్చుకోగలిగే కెమెరా) కొనుక్కోవాలని చూస్తున్నవారి కోసం ఈ నాలుగు మాటలు. అటువంటివారు మా తిరుపతిలో నన్ను మొట్టమొదట అడిగేది ఒక్కటే: "సార్, మెగాపిక్సెల్ ఎన్నుండాల?" కానన్ 1500డీలో 24.1, నికాన్ డీ3500లో 24.2. రెండూ 2018లో వచ్చినవే. ఆ తేడా ఏ కంటికీ ఆనదు. అడగవలసింది లెన్సు సంగతి.

ఎందుకో చెబుతాను. ఒక ఏడాది తాతయ్యగుంట గంగమ్మ జాతరలో, పొద్దుగూకిన తరువాత, ఒళ్లంతా నామంకొమ్ము, అంటే నామాలు పెట్టుకునే తెల్ల సుద్ద, పూసుకుని బైరాగి వేషం కట్టిన ఒక పిల్లవాడు అంగడి ముందు ట్యూబులైటు కింద నిలబడి ఉండగా, వాళ్లమ్మ వాడి మెడలోని దండను సరిచేస్తోంది. నా దగ్గర ఉన్నది కెమెరాతో పాటు వచ్చిన 18-55 ఎంఎం జూమ్ లెన్సు; ఎంఎం అంకె పెరిగేకొద్దీ దృశ్యం దగ్గరికి వస్తుంది. దానిని 55కు తిప్పితే ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువగా తెరుచుకుంటుంది). మసకలో వెలుతురును పెంచి చూపే ఐఎస్‌ఓను 1600 పెట్టినా, షట్టరు తెరిచి ఉండే సమయం సెకనులో 20వ వంతు దగ్గరే ఆగింది. పిల్లవాడు తల తిప్పాడు; ఫొటోలో కళ్లు చెదిరి, ముఖం తెల్లటి మరకగా మిగిలింది.

మరునాటి సాయంత్రం అదే కెమెరాకు 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్సు తగిలించుకుని వెళ్లాను. అది సుమారు 10 రెట్ల వెలుతురును లోనికి రానిస్తుంది. అంత మసకలోనే, అదే ఐఎస్‌ఓతో, షట్టరు 200వ వంతుకు చేరింది. ఈసారి ఇంకొక పిల్లవాడి నుదుటిమీద ఎండి బీటలు వారిన పూత, కణత నుండి చెమట జారిన గీత, రెండూ స్పష్టంగా పడ్డాయి. కెమెరా అదే, లెన్సు వేరు. ఇటువంటి కెమెరాల్లో బొమ్మను పట్టే సెన్సారు చిన్నది, దాని మీద 50 ఎంఎం లెన్సు సుమారు 75-80 ఎంఎం లెన్సంత ఇరుకు చూపునే ఇస్తుంది కనుక, ఆ ఇరుకు వీధిలో వెనక్కి జరిగి జరిగి గాజుల అంగడికి వీపు తగిలించి, అంగడి ఆమె చేత చీవాట్లు తిన్నాననుకోండి!

కాబట్టి కెమెరా బాడీకి, అంటే లెన్సు లేని కెమెరాకు, తక్కువ పెట్టి, లెన్సుకు డబ్బు మిగుల్చుకోండి. డీ3500 తయారీ ఆగిపోయింది, సెకండ్ హ్యాండులో దొరికితే నిస్సంకోచంగా చూడవచ్చు. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది, అందులో నేనే పడ్డాను. చవకగా వస్తోందని పాత నికాన్ 50 ఎంఎం ఏఎఫ్-డీ లెన్సు ఒకటి కొన్నాను. ఇంటికి వచ్చి చూస్తే ఫోకస్ దానంతటది కుదరదు, చేత్తో తిప్పుకోవలసిందే. ఆ రకం లెన్సును తిప్పే మోటారు బాడీలో ఉండాలి. డీ3500 వంటి చిన్న నికాన్‌లలో అది లేదు. అందుచేత నికాన్ లెన్సు మీద ఏఎఫ్-ఎస్ అనో ఏఎఫ్-పీ అనో ఉన్నదా అని చూడండి; వాటిలో మోటారు లెన్సులోనే ఉంటుంది. కానన్‌లో ఈ బాధ లేదు, ఆటోఫోకస్ ఉన్న ఈఎఫ్ లెన్సులన్నిటికీ (కానన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లకు తగిలించేవి) మోటారు లెన్సులోనే ఉంటుంది.

డబ్బు చేతికివ్వడానికి ముందు, అంగట్లోనే, మీరు కొనబోయే బాడీకి మీరు కొనబోయే లెన్సునే తగిలించమనండి. ఏ మూలనో నీడలో ఉన్న పెట్టె మీది అక్షరాలకు గురిపెట్టి, షట్టరు మీటను సగం వరకు నొక్కండి. లెన్సు కదిలి అక్షరాలు తేటపడితే, అప్పుడు బేరమాడండి.