వేలంలో కొని వెంటనే అమ్మితే తప్పా?

మోడరేటర్: నమస్కారం. బేస్‌బాల్ ఆటగాడు షోహెయి ఒహ్తాని ఒకే సీజన్‌లో కొట్టిన 50వ హోమ్‌రన్ బంతి, అంటే ప్రేక్షకుల మధ్యకు కొట్టిన బంతి, 2024 అక్టోబరులో వేలంలో దాదాపు 44 లక్షల డాలర్లు పలికింది. నాదంటే నాదని ప్రేక్షకులు కోర్టుకెక్కిన వివాదం అప్పటికింకా తేలలేదు. బంతిని కొట్టిన ఆటగాడికి మాత్రం పైసా రాలేదు. వేలంలో కొని వెంటనే లాభానికి అమ్ముకునేవారు ఆటగాడికి వాటా ఇవ్వాలా, వద్దా?

వ్యాపారి: ఎందుకివ్వాలి? నష్టం వచ్చిన రోజున ఆటగాడు వచ్చి సగం భరిస్తాడా?

మాజీ క్రీడాకారిణి: అసలు సమస్య వాటా కాదండి, ఈ తొందర...

వ్యాపారి: ఒక్క నిమిషం అమ్మా, పూర్తి చేయనివ్వండి. ఒకే సీజన్‌లో రికార్డుగా మార్క్ మెగ్వయర్ కొట్టిన 70వ హోమ్‌రన్ బంతిని 1999లో సుమారు 30 లక్షల డాలర్లకు కొన్నారు. రెండేళ్లకే బ్యారీ బాండ్స్ ఒక సీజన్‌లో 73 హోమ్‌రన్‌లు కొట్టాడు. రికార్డు పోతే బంతి విలువా పోతుంది. లాభానికి అందరూ చుట్టాలే, నష్టానికి మేమొక్కరమే.

న్యాయవాది: ఆ 73వ బంతి కథ కూడా చెప్పాలి. ఇద్దరు ప్రేక్షకులు దానికోసం కోర్టుకు వెళ్లారు. అమ్మి చెరిసగం పంచుకోమని జడ్జి తీర్పు చెప్పారు. 2003లో అది నాలుగున్నర లక్షల డాలర్లే పలికింది. బంతి చేతికి చిక్కడమంటే ఏమిటన్న దానిపై ఆ తీర్పులో...

మోడరేటర్: లాయరుగారూ, వాటా సంగతి చెప్పండి. చిత్రం మళ్లీ అమ్ముడైతే చిత్రకారుడికి కొంత దక్కాలని ఫ్రాన్స్ 1920లోనే చట్టం చేసింది కదా?

న్యాయవాది: చేసింది. కానీ చిత్రం చిత్రకారుడి సృష్టి. బంతిని ఆటగాడు తయారు చేయలేదు.

మోడరేటర్: దానికి విలువ తెచ్చింది ఆటగాడేగా!

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు)

మాజీ క్రీడాకారిణి: నా మాట వినండి. పిల్లల వైద్యం కోసమని నేను ఆడిన జెర్సీని ఒక సేవా సంస్థకు ఇచ్చాను. వేలంలో కొన్నాయన కొన్ని వారాలకే మరో వేలంలో ఎక్కువ ధరకు అమ్మేశాడు. పైన వచ్చిన డబ్బులో ఒక్క రూపాయి కూడా పిల్లలకు చేరలేదు. నాకు వాటా వద్దు. ఆ పిల్లలకు రావలసిందే...

వ్యాపారి: సంస్థ అడిగిన ధర సంస్థకు వచ్చిందమ్మా! మాలాంటివాళ్లం పాట పెంచకపోతే ఆ మాత్రమూ వచ్చేది కాదు. పైగా ఆఖరి పాట మీద దాదాపు ఐదో వంతు వేలం సంస్థకు అదనంగా కట్టాలి. అదే ధరకు తిరిగి అమ్మితే నష్టమే.

మాజీ క్రీడాకారిణి: షేన్ వార్న్ టోపీని చూడండి. 2020లో కార్చిచ్చు బాధితుల కోసం వేలం వేస్తే పది లక్షల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. కొన్న బ్యాంకు దాన్ని లాభానికి అమ్ముకోలేదు. ఊరూరా చూపి విరాళాలు పోగుచేసింది. తర్వాత టోపీని మ్యూజియానికి...

వ్యాపారి: బ్యాంకుకు అది ప్రచారం. మాకు బతుకుతెరువు.

న్యాయవాది: దొంగ పాటల సంగతి కూడా రావాలి. పాతకాలపు బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ బొమ్మ ఉన్న అరుదైన కార్డు అంచులు కత్తిరించానని ఒక వేలం సంస్థ యజమాని 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. ధర పెంచడానికి బూటకపు పాటలు...

వ్యాపారి: ఒక్కడు చేస్తే అందరికీ అంటగడతారా? నేను అమ్మే ప్రతి వస్తువునూ పాత ఫోటోలతో కుట్టు కుట్టుకూ, మరక మరకకూ సరిపోల్చి చూస్తాను. డబ్బు పెట్టేవాడు లేకపోతే ఇవన్నీ అటకల మీద చెదలు పట్టేవి. బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ 1932 జెర్సీ 2005లో 9 లక్షల 40 వేల డాలర్లు, 2024లో 2 కోట్ల 41 లక్షలు. ఆ ధర ఉంది కాబట్టే దాన్ని కంటికి రెప్పలా కాపాడారు.

మాజీ క్రీడాకారిణి: అది పంతొమ్మిదేళ్ల తేడా. నేను చెబుతున్నది వారాల్లో అమ్మడం గురించి!

మోడరేటర్: ఆ జెర్సీ లాభంలోనైనా ఆటగాడి కుటుంబానికి వాటా ఉండాలంటారా?

వ్యాపారి: ఉండకూడదు. కొన్నవాడిదే వస్తువు. అంతే.

మాజీ క్రీడాకారిణి: సేవ కోసం అమ్మినప్పుడు కొన్నేళ్లపాటు తిరిగి అమ్మకూడదని ముందే రాయించుకుంటే...

వ్యాపారి: అలా రాస్తే పాటకు ఎవరూ రారు. నా అనుభవంతో చెబుతున్నాను, ఒక్కరూ రారు.

మోడరేటర్: సమయం అయిపోయింది. వాటా ప్రశ్న మీద మరోసారి కూర్చుందాం. వ్యాపారిగారూ, వేలం లోగుట్టు ఇంత వివరంగా చెప్పినందుకు మీకు ప్రత్యేక ధన్యవాదాలు.

మాజీ క్రీడాకారిణి: నాకు ఒక్క నిమిషం...

(ప్రసారం ముగిసింది)