గాయం ఎవరి ఖాతాలో?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరినీ పేరుపేరునా తలుచుకుంటే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది. మన్నించండి, నేరుగా విషయానికి వస్తాను.

ఈ అమెరికా దేశంలో లేబర్ డే సెలవు, కాలేజీ ఫుట్‌బాల్ (బంతిని చేత్తో పట్టి పరుగెత్తే అమెరికన్ ఆట) సీజన్ ఇంచుమించు ఒకేసారి వస్తాయి. ఒకటి కార్మికుల పండగ. రెండోది, పనిచేసేవాళ్లను కార్మికులు అనకూడదని డెబ్బై ఏళ్లుగా పట్టుబడుతున్న వ్యవహారం. కాలేజీ ఆటగాళ్లను ఉద్యోగులుగా గుర్తించాలా, వాళ్లకు యూనియన్ ఉండాలా అని మీరు నన్ను అడిగారు. ఉండాలన్నదే నా మాట. చట్టం, డబ్బు, ముందున్న దారి అని మూడు ముక్కలుగా చెప్పాలని అనుకున్నాను గానీ, ఒక్క మనిషి సంగతి చెప్పకుండా ఇందులో ఏదీ అర్థం కాదు.

1955 సెప్టెంబరు. కొలరాడోలో ఫోర్ట్ లూయిస్ అనే చిన్న కాలేజీ. రే డెన్నిసన్ అక్కడ ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. ఆట మొదలైన తొలి కిక్‌కే బంతి పట్టుకున్నవాణ్ణి ఆపబోయాడు. అవతలివాడి మోకాలు తలకు తగిలింది. మనిషి దక్కలేదు. భార్యా పిల్లలూ మిగిలారు. ఆమె కార్మిక పరిహారం కోసం అర్జీ పెట్టింది.

కార్మిక పరిహారం ఎలా పనిచేస్తుందో ఇక్కడ చెప్పాలి. ఇండియాలో 1923లో చేసిన చట్టమూ ఇదే సూత్రంతో వచ్చింది. పని చేస్తుండగా, పని కారణంగా దెబ్బ తగిలితే తప్పు ఎవరిదని అడగరు. యజమాని నిర్లక్ష్యాన్ని రుజువు చేయనక్కర్లేదు. వైద్యం ఖర్చు, పోయిన సంపాదనలో కొంత, ప్రాణం పోతే కుటుంబానికి భృతి వస్తాయి. బదులుగా కార్మికుడు యజమాని మీద దావా వేసే హక్కు వదులుకుంటాడు. ఇదంతా ఒక్క మాట మీద నిలబడి ఉంది: నువ్వు ఉద్యోగివా, కాదా?

అంతకు రెండేళ్ల ముందే, 1953లో, కొలరాడో సుప్రీంకోర్టు డెన్వర్ యూనివర్సిటీ ఆటగాడు నెమెత్‌ను ఉద్యోగి అంది. టెన్నిస్ కోర్టుల పనికని కాలేజీ అతనికి నెలకు 50 డాలర్లిచ్చేది. ఫుట్‌బాల్ ఆడితేనే ఆ పని దక్కుతుందని కోర్టు గమనించింది. కాలేజీలకు గుబులు పుట్టింది. ఆటలను నడిపే జాతీయ సంఘం ఎన్‌సీఏఏ అధిపతి వాల్టర్ బయర్స్ నాయకత్వంలో ‘స్టూడెంట్-అథ్లెట్’ అన్న మాట తయారైంది. ఆటగాళ్లు అనకుండా, అన్నిచోట్లా ఇదే వాడాలన్నారు. పరిహారం కేసుల భయంతోనే ఆ మాట కట్టామని దశాబ్దాల తర్వాత, 1995లో, తన పుస్తకంలో ఆయనే రాశాడు. 1957లో డెన్నిసన్ భార్య అదే సుప్రీంకోర్టులో ఓడిపోయింది. ఆ కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారంలో లేదని తీర్పు.

అమ్మా, అయ్యా, ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. ఈ గొడవ జీతంతో మొదలవలేదు. దెబ్బతో మొదలైంది.

కెంట్ వాల్‌డ్రెప్ అనే ఫుట్‌బాల్ ఆటగాడి సంగతీ అంతే. 1974లో అలబామాతో ఆటలో మెడ విరిగి శరీరం చచ్చుబడింది. టెక్సస్ పరిహార కమిషన్ 1993లో అతని వైపు నిలిచింది. బీమా కంపెనీ కోర్టుకెళ్లింది. 2000లో అప్పీలు కోర్టు కూడా ఉద్యోగి కాదనేసింది. ఇరవై ఆరేళ్లు!

ఇక యూనియన్ సంగతి. 2014 జనవరిలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటగాళ్లు, కెయిన్ కోల్టర్ ముందు నడవగా, జాతీయ కార్మిక సంబంధాల బోర్డుకు వెళ్లారు. వాళ్ల కోరికల్లో ముందున్నది వైద్యమే. పద్ధతి ఇది. కనీసం 30 శాతం మంది కార్డుల మీద సంతకం చేయాలి. ప్రాంతీయ కార్యాలయం విచారిస్తుంది, యూనియన్ ఎవరెవరి తరఫున మాట్లాడుతుందో తేలుస్తుంది, తర్వాత రహస్య ఓటింగ్. షికాగో ప్రాంతీయ డైరెక్టర్ పీటర్ ఓర్ మార్చి 26న తీర్పిచ్చాడు. ఆగస్టు శిక్షణలో వారానికి 50–60 గంటలు, సీజన్‌లో 40–50 గంటలు ఆటకే పోతున్నాయి. స్కాలర్‌షిప్ విలువ ఏడాదికి సుమారు 61,000 డాలర్లు. ఏం తినాలో, ఎక్కడ ఉండాలో, సోషల్ మీడియాలో ఏం రాయాలో కోచ్‌దే అదుపు. పని, ప్రతిఫలం, అదుపు మూడూ ఉన్నాయి కనుక ఉద్యోగులే అన్నాడు. జట్టులో సుమారు 112 మంది ఉంటే, స్కాలర్‌షిప్ ఉన్న 85 మందికే ఇది వర్తించింది. మిగతావాళ్లకు దెబ్బ తగలదా?

ఏప్రిల్‌లో ఓట్లు వేశారు. కాలేజీ బోర్డుకు అప్పీలు చేసుకోవడంతో పెట్టెలకు సీలు వేసి పక్కన పెట్టారు. 2015 ఆగస్టు 17న బోర్డు ఈ కేసులో మేం తలదూర్చం అంది. కాలేజీ ఫుట్‌బాల్ అన్నిటికన్నా పై స్థాయిలో ఆడే సుమారు 125 కాలేజీల్లో ప్రైవేటువి 17. ప్రభుత్వ కాలేజీల మీద బోర్డుకు అధికారం లేదు. ఒక్క జట్టుకు యూనియన్ ఇస్తే లీగ్ అంతా గందరగోళం అవుతుందన్నారు. ఆ ఓట్లు లెక్కపెట్టనే లేదు. ప్రభుత్వ కాలేజీల దారి రాష్ట్ర చట్టాలది. ఒహాయో, మిషిగన్ 2014లోనే ఆటగాళ్లు ఉద్యోగులు కారని చట్టం చేసుకున్నాయి.

డార్ట్‌మత్ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు ఇంకో అడుగు ముందుకేసింది. 2024 మార్చి 5న 13–2 ఓట్లతో యూనియన్ గెలిచింది. కాలేజీ బేరానికి కూర్చోనంది. ఇలాంటప్పుడు యూనియన్ ఫిర్యాదు చేయాలి, బోర్డు ఆదేశమివ్వాలి, ఆ తర్వాత అప్పీలు కోర్టు. ఈలోగా ఆటగాళ్లు డిగ్రీ పుచ్చుకొని వెళ్లిపోతారు. కార్మికుడి హక్కు నాలుగేళ్లలో మురిగిపోయే చోటు ఇంకెక్కడుంది? కొత్త ప్రభుత్వంలో బోర్డు మారితే చెడ్డ తీర్పు నిలిచిపోతుందని, ఆ ఏడాది డిసెంబరు 31న అర్జీ వెనక్కి తీసుకున్నారు.

డబ్బు వచ్చేసిందిగా అంటారు. వచ్చింది. హౌస్ అనే ఆటగాడి పేరుతో ఎన్‌సీఏఏ మీద నడిచిన దావాలో కుదిరి, 2025 జూన్‌లో ఆమోదం పొందిన హౌస్ ఒప్పందం ప్రకారం ఒక్కో కాలేజీకి ఆ విద్యా సంవత్సరంలో 20.5 మిలియన్ డాలర్ల దాకా ఆటగాళ్లకు పంచే వీలు కలిగింది. కానీ అది ఆదాయంలో వాటా గురించిన ఒప్పందం. ఆటగాళ్లు ఎన్నుకున్న యూనియన్ బేరమాడి తెచ్చింది కాదు.

అవతలి వాదనలో నాకు బరువుగా తోచేది ఒకటుంది, అది మన పిల్లలకే తగిలేది. ఎఫ్-1 వీసా మీద చదివేవాళ్లు సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఆటను ఉద్యోగమంటే, 40 గంటలు ఆడే విదేశీ విద్యార్థి వీసా ఏమవుతుంది? వలస నిబంధన మార్చకుండా ఇది తేలదు. స్కాలర్‌షిప్ మీద పన్ను పడే ప్రశ్నా ఉంది. ఇవి సరిదిద్దాల్సిన చిక్కులు. అంతే గానీ డెన్నిసన్ భార్యకు ఇచ్చిన జవాబును ఇంకా మోయడానికి సాకులు కావు.

ఈ సభలో ఈతకో టెన్నిస్‌కో పిల్లల్ని పంపుతున్నవాళ్లు ఉంటారు. యూనియన్ వచ్చేదాకా మీరే బేరమాడాలి. స్కాలర్‌షిప్ కాగితం ఒక ఏడాదికా, నాలుగేళ్లకా? 1973 నుంచి చాలాకాలం ఏడాదికొకసారి కొత్తగా రాసుకునేదే ఉండేది, ఎక్కువ ఏళ్లకు ఇవ్వడం 2012లోనే మళ్లీ మొదలైంది. దెబ్బ తగిలితే మీ కుటుంబ ఆరోగ్య బీమా ముందు కట్టాలా, కాలేజీదా? డిడక్టిబుల్, అంటే బీమా కట్టడం మొదలుపెట్టకముందు జేబులోంచి పెట్టే డబ్బు, ఎవరిది? ఆడవచ్చో లేదో చెప్పే డాక్టరు కోచ్ కింద పనిచేస్తాడా? 2024 ఆగస్టు నుంచి డివిజన్ వన్ (ఎన్‌సీఏఏలో అన్నిటికన్నా పై తరగతి) కాలేజీలు, చదువు ముగిశాక కనీసం రెండేళ్లు ఆట గాయాలకు వైద్యం భరించాలి. మూడో ఏట మోకాలికి ఆపరేషన్ కావాలంటే బిల్లు ఎవరు కడతారని కోచ్‌ను అడగండి. నోటిమాట కాదు, కాగితం మీద రాయించుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టనివ్వండి.