మాస్టర్స్ గోల్ఫ్: అగస్టా 16వ హోల్ చెప్పే కథలు

[తెరపై: చెరువు, దాని అవతల పచ్చటి గ్రీన్ (గుంట ఉండే నున్నటి గడ్డి), పసుపు జెండా]

ఈ చెరువు చూడండి. దాని అవతల ఆ పసుపు జెండా చూడండి. అమెరికాలోని జార్జియా రాష్ట్రం, అగస్టా నేషనల్ గోల్ఫ్ క్లబ్, 16వ హోల్. మాస్టర్స్ గురించి ఎవరడిగినా నేను విజేతల జాబితా చదవను. నేరుగా ఇక్కడికే తీసుకొస్తాను.

గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్దవైన నాలుగు టోర్నమెంట్లను మేజర్లంటారు, మాస్టర్స్ వాటిలో ఒకటి. మిగతా మూడు మేజర్లు ఏటా ఒక్కో మైదానంలో జరుగుతాయి. మాస్టర్స్ మాత్రం 1934లో మొదలైనప్పటి నుంచీ ఇక్కడే. అందుకే ఈ రోజు కొట్టిన షాట్ చూస్తుంటే ఎప్పటిదో పాత షాట్ గుర్తొస్తుంది.

ముందు ఈ హోల్ సంగతి. ఇది పార్ 3, అంటే మూడు షాట్లలో బంతి గుంటలో పడాలి. రెండింటిలోనే పడితే బర్డీ. దూరం 170 గజాలు, దారిలో నీళ్లు. ఆఖరి రోజైన ఆదివారం జెండాను సాధారణంగా ఎడమవైపు, వాలు కింద పెడతారు. బంతిని కుడివైపు దించితే చాలు, అదే దొర్లుకుంటూ జెండా దగ్గరకు దిగి వస్తుంది. ఎడమకు జారిందా, చెరువులోకే.

[తెరపై: 1986]

జాక్ నిక్లాస్‌కు 46 ఏళ్లు. మేజర్ గెలిచి ఆరేళ్లయింది. ఆయన పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. ఆ వారం ఆయన క్యాడీ, అంటే బ్యాగ్ మోసే సహాయకుడు, సొంత కొడుకు జాకీ. 15వ హోల్‌లో ఈగిల్ (పార్ కన్నా రెండు షాట్లు తక్కువ) కొట్టి, ఇక్కడికొచ్చి బంతి కొట్టాడు. కొడుకు ఊపిరి బిగబట్టి బంతినే చూస్తున్నాడు. తండ్రి మాత్రం చూడకుండానే టీ, అంటే బంతిని నిలబెట్టే చిన్న పుల్ల, తీసుకోవడానికి వంగాడు. అంత నమ్మకం! బంతి వాలు మీద దొర్లి, గుంటలో పడినంత పనిచేసి, పక్కనే ఆగింది. బర్డీ. చివరి తొమ్మిది హోల్స్ 30 షాట్లలో ముగించి మాస్టర్స్ విజేతకిచ్చే గ్రీన్ జాకెట్ ఆరోసారి తొడుక్కున్నాడు. మాస్టర్స్ గెలిచినవారిలో అందరికన్నా పెద్ద వయసు ఇప్పటికీ ఆయనదే.

పదేళ్ల తర్వాత, 1996లో, ఇదే చెరువు గ్రెగ్ నార్మన్‌ను ముంచింది. ఆరు షాట్ల ఆధిక్యంతో ఆదివారం మొదలుపెట్టి, ఆ రోజు 18 హోల్స్‌కు 78 షాట్లు తీసుకుని, ఐదు షాట్ల తేడాతో నిక్ ఫాల్డో చేతిలో ఓడిపోయాడు. ఆ రోజు వీడియో పూర్తిగా చూడటం నా వల్ల కాదు.

[తెరపై: 2005]

టైగర్ వుడ్స్, క్రిస్ డిమార్కో. తేడా ఒక్క షాట్, టెన్షన్ పీక్‌లో ఉంది. టైగర్ బంతి గ్రీన్ దాటి గడ్డి అంచుకు ఆనుకుని ఆగింది. చిప్ చేయాలి, అంటే బంతిని కొద్దిగా లేపి దగ్గర్లోనే దించాలి. ఆయన జెండా వైపు కొట్టలేదు, దూరంగా వాలు పైభాగానికి కొట్టాడు. బంతి పైకెక్కింది, తిరిగింది, మెల్లగా దిగింది, గుంట అంచున ఆగిపోయింది. ఒకటి, రెండు సెకన్లు... పడింది! అంతటి షాట్ తర్వాత కూడా చివరి రెండు హోల్స్‌లో తడబడి, స్కోరు సమమై, చివరికి ప్లేఆఫ్‌లో (అదనపు హోల్‌లో) గెలిచాడు. మళ్లీ 2019లో, 43 ఏళ్ల వయసులో, ఇక్కడే బర్డీ కొట్టి ఐదో జాకెట్ అందుకున్నాడు.

[తెరపై: 2023]

ఇప్పుడు మనకు బాగా దగ్గరైన పేరు: సాహిత్ తీగల. కాలిఫోర్నియాలో పెరిగాడు, తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్లినవారు. తొలిసారి మాస్టర్స్ ఆడుతూ, ఆదివారం ఇదే 16లో గ్రీన్ అవతల నుంచి చిప్ చేశాడు. అదే వాలు, అదే వంపు. బంతి తిరిగి నేరుగా గుంటలోకి! ఆ రోజు 67 కొట్టి, ఉమ్మడిగా తొమ్మిదో స్థానంలో నిలిచాడు. టైటిల్ జాన్ రామ్‌ది. నేను రీప్లే వేసుకుని మళ్లీ మళ్లీ చూసింది మాత్రం సాహిత్ షాట్‌నే.

[తెరపై: 2005, 2023 షాట్లు పక్కపక్కన]

రెండూ కలిపి చూడండి. బంతి ఎక్కడ తిరుగుతుందో గమనించండి.